గ్రూప్ టూర్‌లో ఒక హత్య: తెలుగులో కోజీ మిస్టరీ రాసే పద్ధతి

కోజీ మిస్టరీ అంటే భయపెట్టని హత్యాకథ. అందులో చావు తెర వెనక జరుగుతుంది, నెత్తుటి వర్ణన ఉండదు, నేరం విప్పేది పోలీసు ఉద్యోగి కాక పక్కింటి పెద్దావిడలాంటి మామూలు మనిషి, అనుమానితులంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఇంగ్లండులో ఈ రకం కథ బాగా పెరిగింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు, తానూ అపరాధ పరిశోధక నవలలు రాసినవాడు, ఈ కథలకు పది నియమాలు పెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో రచయితలు కొందరు కలిసి డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. ఆ నియమాలలో కొన్ని ఇవాళ పాతబడ్డాయి గాని ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు: పరిశోధకుడి కంట పడిన ప్రతి ఆధారమూ పాఠకుడి కంట కూడా పడి తీరాలి.

ఈ రకం కథకు విదేశీ గ్రూప్ టూర్‌ను మించిన రంగస్థలం తెలుగులో లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంగ్లీషు కథకు మంచులో దారులు మూసుకుపోయిన పల్లెటూరి బంగళా ఉంది. మనకు అది అతకదు. మన ఊళ్ళో ఒక ఇంట్లో చావు కబురు పుడితే గంట తిరిగేలోగా వీధి వీధంతా గుమ్మంలో ఉంటుంది, ఎవరు వచ్చారో ఎవరు పోయారో లెక్క ఉండదు. అదే 38 మంది తెలుగువాళ్ళు ఒకే కోచ్‌లో పన్నెండు రోజులు యూరప్ తిరుగుతున్నప్పుడు ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరికి ఏ గది ఇచ్చారో, ఎవరు ఎన్నింటికి కోచ్ ఎక్కారో అన్నీ టూర్ మేనేజర్ దగ్గర కాగితం మీద ఉంటాయి. బయటివాళ్ళు లోపలికి రారు, లోపలివాళ్ళు బయటికి పోలేరు. అయితే చాలామంది ఇక్కడే పొరపాటు పడి, విదేశాన్నే కథగా చేసి, ఆధారాలు కూడా ఆ దేశానివే వెతుకుతారు. విదేశం మనకు గోడలు కట్టి పెట్టాలి, అంతే. తలుపు తెరిచే తాళంచెవి మాత్రం తెలుగు ఇంటిలోనో తెలుగు మాటలోనో ఉండాలి; అక్కడి పోలీసులకు కనబడనిది, మన పాఠకుడికి కళ్ళెదుటే ఉన్నది కావాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

ముందు దారి, తరువాత హత్య

మామూలుగా హంతకుడెవరో ముందు తేల్చుకుని తరువాత ఊరు వెతుక్కుంటారు. గ్రూప్ టూర్ కథకు ఈ వరుస తిరగబడాలి. మొదట ఐటినరీ రాసుకోవాలి. వేకప్ కాల్ ఎన్నింటికి, లగేజీ గది బయట పెట్టవలసింది ఎప్పుడు, బ్రేక్‌ఫాస్ట్‌కు ఎంత సమయం, కోచ్ బయలుదేరేది ఎప్పుడు అన్నవి పన్నెండు రోజులకూ స్థూలంగా రాసుకుని, హత్య జరిగే ఒక్కరోజును మాత్రం నిమిషాల దాకా విడదీయాలి. అలా విడదీస్తుంటే ఆ రోజులో ఎక్కడ సందు ఉందో దానంతట అదే కనిపిస్తుంది.

ఉదాహరణకు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌయోఖ్ యాత్రను తీసుకుందాం. మన టూర్లలో చాలావాటికి ఇదే పతాక ఘట్టం. తూన్, బ్రియెంజ్ సరస్సుల మధ్య ఉన్న ఇంటర్‌లాకెన్‌లో మకాం చేసి, గ్రిండెల్వాల్డ్ మీదుగా క్లైనె షైడెగ్ చేరి, అక్కడి నుంచి పళ్ళచక్రాల రైలులో 9.3 కిలోమీటర్లు ప్రయాణిస్తే 3,454 మీటర్ల ఎత్తున యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వే స్టేషన్ వస్తుంది. దారిలో ఎక్కువ భాగం ఐగర్, మ్యోంష్ పర్వతాలను తొలిచిన సొరంగంలోనే. పై స్టేషన్‌ను 1912 ఆగస్టు 1న, స్విస్ జాతీయ దినోత్సవం నాడు తెరిచారు. ఇదంతా ఏ ప్రయాణ పుస్తకంలోనైనా దొరికే సమాచారమే. కథా రచయితకు పనికొచ్చేది మాత్రం ఒక చిన్న విషయం: పైకి వెళ్ళే రైలు సొరంగం మధ్యలో 3,160 మీటర్ల ఎత్తున ఉన్న ఐస్‌మేర్ అనే స్టేషన్‌లో ఐదు నిమిషాలు ఆగుతుంది. ప్రయాణికులు దిగి, కొండను తొలిచి అమర్చిన పెద్ద అద్దాల కిటికీల్లోంచి హిమానీనదాన్ని చూసి, మళ్ళీ పరుగున వచ్చి ఎక్కుతారు. బండి దాదాపు ఖాళీ అయి, చేతిసంచులు సీట్ల మీదే ఉండిపోయే ఐదు నిమిషాలు! మిస్టరీ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. పాత యాత్రా కథనాల్లో ఐగర్‌వాండ్ అనే మరో స్టేషన్‌లో కూడా రైలు ఆగినట్టు ఉంటుంది. 2016 చివరి నుంచి అక్కడ ఆపడం లేదు. ఇప్పటి కథలో ఆ స్టేషన్‌లో పాత్రలను దించితే, ఆ రైలు ఎక్కి వచ్చిన పాఠకుడు పుస్తకం పక్కన పెడతాడు. అలాగే 2020 డిసెంబరులో ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కార్ మొదలైంది. అది గ్రిండెల్వాల్డ్ నుంచి నేరుగా ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కు చేరుస్తుంది, మిగతా సొరంగం ప్రయాణం మళ్ళీ రైలులోనే. మీ బృందం ఏ దారిన వెళ్ళినా ఐస్‌మేర్ తప్పదు. మీ కథ ఏ ఏడాదిలో జరుగుతోందో ముందే నిర్ణయించుకుని, ఆ ఏడాది నాటి టైమ్‌టేబుల్ పట్టుకుని రాయాలి. హోటలు పేరు, టూర్ కంపెనీ పేరు మాత్రం కల్పించుకోవాలి. నిజంగా ఉన్న సంస్థ గదిలో కల్పిత శవాన్ని పడుకోబెట్టడం మర్యాద కాదు.

రైలు కాక కోచ్‌లోనే నేరం జరిపించదలిస్తే, బండి నడకను నమోదు చేసే టాకోగ్రాఫ్ అనే యంత్రం గురించి తెలుసుకోండి. యూరప్‌లో కోచ్ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలి, రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా వెళ్ళవచ్చు. బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది, ఎంత వేగంతో నడిచింది అన్నదంతా ఆ యంత్రం నమోదు చేస్తుంది. అందరూ దారిలో ఎక్కడా ఆగలేదని చెబుతుండగా టాకోగ్రాఫ్ పదకొండు నిమిషాల ఆగింపు చూపిస్తే, అక్కడి నుంచి ఒక అధ్యాయం నడుస్తుంది.

ఎక్కేవాళ్ళు

38 మందినీ పాఠకుడు గుర్తుపెట్టుకోలేడు. ఎనిమిది మందికి ముఖాలు ఇచ్చి, మిగతావాళ్ళను గుంపులుగా ఉంచండి: కర్నూలు బ్యాచ్, బ్యాంకు రిటైర్మెంట్ బ్యాచ్, ఇద్దరు కొత్త దంపతులు, ఎప్పుడూ కోచ్ ఆలస్యం చేసే డాక్టరుగారి కుటుంబం. నిజమైన టూర్లలో కూడా మూడో రోజుకల్లా పేర్లు పోయి పిలుపులు స్థిరపడతాయి. ‘మిల్లు పెదనాన్నగారు’ అని ఒకరు అనగానే అదే అందరి నోటా నిలిచిపోతుంది. ఇంటిపేరు, అసలు పేరు కన్నా ఈ పిలుపే పాఠకుడికి సులువుగా గుర్తుంటుంది, పైగా ఆ మనిషికి బృందంలో ఉన్న స్థానం కూడా చెబుతుంది.

చనిపోయే మనిషిని పాఠకుడు ఇష్టపడాలి. అందరూ అసహ్యించుకునే దుర్మార్గుణ్ణి చంపి, అనుమానితులను పెంచుకోవడం పాత ఎత్తు; దాని వల్ల కథకు బరువు ఉండదు. నా ఉదాహరణలో మిల్లు పెదనాన్నగారు తణుకు దగ్గర రైస్‌మిల్లు నడిపి మానేసిన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన వెంట చెల్లెలు, తమ్ముడి కొడుకు, తోడల్లుడు వచ్చారు. ఈ ముగ్గురినీ ఆయనే సొంత ఖర్చుతో తీసుకొచ్చాడు. జంతికల డబ్బా తెరిస్తే కోచ్ చివరి సీటు దాకా పంపించేవాడు.

పరిశోధకురాలిగా రిటైరైన తెలుగు టీచరమ్మను పెట్టండి. ఒంటరిగా టూర్‌కు వచ్చింది. ఒంటరి గదికి అదనంగా అడిగే సింగిల్ సప్లిమెంట్ కట్టడం ఇష్టం లేక ట్విన్ షేరింగ్‌కు ఒప్పుకుంది, టూర్ మేనేజర్ ఆవిడను పెదనాన్నగారి చెల్లెలి గదిలో వేశాడు. ఈ చిన్న ఏర్పాటు వల్ల దుఃఖంలో ఉన్న ఇంటి మనిషి పక్కనే పరిశోధకురాలు రాత్రింబగళ్ళు ఉండగలుగుతుంది. ఎవరి గదిలోకీ తొంగిచూడవలసిన పని, తలుపు చాటున నిలబడి వినవలసిన పని రాదు. రూమింగ్ లిస్టును ఇలా ఆలోచించి రాసుకోవాలి. పెదనాన్నగారి గదిలో తోడల్లుడు, తమ్ముడి కొడుకైన అబ్బాయి మాత్రం మరో ఇద్దరు కుర్రాళ్ళతో ట్రిపుల్ షేరింగ్‌లో. కోచ్‌లో సీట్లు రోజూ మారుతాయి కాబట్టి ప్రతి అనుమానితుడి పక్కనా టీచరమ్మ ఒకరోజు కూర్చునే అవకాశం సహజంగా వస్తుంది.

కారణం ఇంటి నుంచే రావాలి

వజ్రాల దొంగలు, అంతర్జాతీయ ముఠాలు ఈ రకం కథకు సరిపడవు. తెలుగు కుటుంబాలు దేని గురించి మాటలు మానుకుంటాయో అందరికీ తెలుసు: గట్టు తగాదా, చీటీ డబ్బు, సంతకం పెట్టని కాగితం. ఆ కారణాన్ని పాఠకుడు తప్పుగా అర్థం చేసుకునేలా ముందు పెట్టి, తరువాత తిరగేయగలిగితే సగం నవల అయిపోయినట్టే.

నా ఉదాహరణలో బైపాస్ రోడ్డు పక్కన పెదనాన్నగారికి రెండెకరాలు ఉంది. దాన్ని అమ్మిపెట్టమని తోడల్లుడికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాడు. ఆ సంగతి బయటపడగానే బృందమంతా తోడల్లుడి వైపు తిరుగుతుంది, పాఠకుడూ తిరుగుతాడు. కాని చట్టం వేరేగా ఉంది. పవర్ ఇచ్చిన మనిషి చనిపోయిన క్షణాన మామూలు జీపీఏ రద్దయిపోతుంది. తోడల్లుడు ఇక ఆ భూమిని అమ్మలేడు, దాని మీద వచ్చే కమిషనూ పోయింది. భార్యాపిల్లలు, తల్లిదండ్రులు లేని హిందూ పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ వస్తుంది. అంటే అమ్మకం రిజిస్టరు కాకముందే ఆయన పోతే లాభపడేది చెల్లెలు, ఊళ్ళో అప్పుల్లో మునిగి ఉన్న తమ్ముడు. ఆ తమ్ముడి కొడుకే పెదనాన్న సూట్‌కేసు మోస్తూ, షూ లేసులు కడుతూ కోచ్‌లో అందరి మెప్పూ పొందిన అబ్బాయి. సంతానం లేని పెదనాన్నకు తలకొరివి పెట్టవలసినవాడు కూడా అతనే. ఈ చివరి వాక్యాన్ని నవలలో ఎవరూ పైకి అననక్కర్లేదు. తెలుగు పాఠకుడికి అది తెలుసు, సరైన చోట తనంతట తానే గుర్తు తెచ్చుకుని ఉలిక్కిపడతాడు.

చావు, డాక్టరు, పోలీసులు

పద్ధతి విషయంలో నా సలహా ఒక్కటే: మందు పేరు, మోతాదు రాయకండి. గుండె జబ్బు ఉన్న మనిషి వేసుకోవలసిన మాత్ర స్థానంలో వేరే మాత్ర వచ్చిందని చెబితే కథకు చాలు. అంతకు మించిన వివరం కోజీ కథకు మెరుగు పెట్టదు, బయట ఒకరికి హాని చేయవచ్చు. పైగా 3,454 మీటర్ల ఎత్తున గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి, ఆ ఎత్తుకు వెళ్ళి వచ్చిన 68 ఏళ్ళ గుండె రోగి ఆ రాత్రి హోటలు గదిలో చనిపోతే అందరికీ మొదట తోచేది ఎత్తు పడలేదనే. ‘ఈ వయసులో అంత పైకి ఎందుకు వెళ్ళారండీ’ అని నాలుగు గొంతులు అంటాయి. హత్య అన్న మాట రావడానికి ముందు మీకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

ఇంటర్‌లాకెన్ బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం) ఉంది, కాబట్టి వచ్చేది బెర్న్ కాంటన్ పోలీసులు. స్విట్జర్లాండ్‌లో పోలీసులకు 117, అంబులెన్స్‌కు 144. చావు సహజం కాదన్న సూచన ఏదైనా ఉంటే ప్రాసిక్యూటర్ ఆజ్ఞ మీద నిపుణుడైన వైద్యుడు శవాన్ని పరీక్షించాలి. అవసరమైతే శవపరీక్ష బెర్న్ విశ్వవిద్యాలయంలోని ఫోరెన్సిక్ మెడిసిన్ సంస్థలో జరుగుతుంది. 38 మందిని హోటల్లో బంధించి ఉంచడం మాత్రం సులభంగా జరిగేది కాదు. ముందుకు బుక్ చేసిన హోటళ్ళు, వీసా గడువు, తిరుగు విమానం అన్నీ తరుముతుంటాయి. అందుకే టూర్ నడుస్తూనే ఉండాలి, బంధువులు మాత్రం ఆగిపోవాలి, వాళ్ళకు తోడుగా టీచరమ్మ ఉండిపోవాలి. మిగతా బృందం లూసర్న్, రైన్ జలపాతం చూసుకుంటూ ఫోన్‌లో సమాచారం పంపుతుంది. కథలో రెండు చోట్ల పరిశోధన జరుగుతున్న ఈ స్థితి చాలా బలమైనది.

శవాన్ని స్వదేశానికి పంపడం మీద కనీసం ఒక అధ్యాయం రాయండి. దీన్ని రచయితలు రెండు వాక్యాల్లో దాటేస్తారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే మన కుటుంబాలకు అసలు వేదన అక్కడే. మరణ ధ్రువీకరణ పత్రం, పోలీసు నివేదిక, దాని ఇంగ్లీషు అనువాదం, దగ్గరి బంధువు అంగీకార పత్రం, పాస్‌పోర్టు ప్రతి, శవం పాడవకుండా చేసే ఎంబామింగ్ ఏర్పాటు ఇవన్నీ బెర్న్‌లోని భారత రాయబార కార్యాలయం ద్వారా నడవాలి. షెంగెన్ వీసాకు తప్పనిసరైన 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఈ ఖర్చు దగ్గర పనికి వస్తుంది. ఊళ్ళో వాళ్ళు గంటకొకసారి ఫోన్ చేసి ‘ఎప్పుడు తెస్తున్నారు’ అని అడుగుతుంటారు. ఈ కాగితాల వెంట అలుపు లేకుండా తిరిగేది అబ్బాయే. శవపరీక్ష ఎందుకు, కోయనివ్వకండి, ఆయన ఆత్మ క్షోభిస్తుంది అని ప్రాధేయపడేదీ అతనే. మొదటిసారి చదివినప్పుడు ఇది ప్రేమలా కనబడాలి, రెండోసారి చదివినప్పుడు తొందరలా కనబడాలి. ఆ అబ్బాయి మాటల్లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా రెండూ కనబడేలా రాయగలగడమే ఈ విద్యలో కష్టమైన భాగం.

ఇంకొక మాట. నిజం మన దేశానికి తిరిగి వచ్చాక బయటపడేలా రాయదలిస్తే, భారత పౌరుడు విదేశంలో చేసిన నేరం మీద ఇక్కడ విచారణ జరపవచ్చు గాని అందుకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కథ అక్కడ ఆఫీసుల పాలవుతుంది. అక్కడే తేల్చేయడం మేలు.

మొదటి ఆధారం: గడియారం

మన టూర్లు ఎక్కువగా వేసవి సెలవుల్లో బయలుదేరుతాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా స్విట్జర్లాండ్ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా కాలంలో నాలుగున్నర. ఫోన్లు వాటంతట అవే మారిపోతాయి. పెదనాన్నగారి చేతికి ఉన్న కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ గడియారం మారదు, ఆయన మార్చనివ్వడు. డాక్టరు ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకోమన్నాడు, శరీరానికి అలవాటైన వేళ మన వేళే అని ఆయన నమ్మకం.

ఇప్పుడు లెక్క చూడండి. రోజూ ఉదయం బ్రేక్‌ఫాస్ట్ బల్ల దగ్గర చెల్లెలు మాత్రల డబ్బా నింపి అన్నయ్యకు ఇస్తుంది, ఆయన దాన్ని భుజం సంచిలో వేసుకుంటాడు. ఆ రోజు ఆయన ‘రాత్రి మాత్ర’ వేసుకోవడం చూశామని ఇద్దరు సాక్షులు చెబుతారు. పోలీసులు రాత్రి అంటే రాత్రి అనే రాసుకుంటారు. భోజనాల తరువాత సంచి గదిలో ఉంది, గదిలో తోడల్లుడు ఉన్నాడు, కాబట్టి మాత్ర మార్చే అవకాశం అతనికే. అబ్బాయి ఆ సాయంత్రమంతా పదిమంది మధ్య పేకాటలో ఉన్నాడు. కాని భారత కాలమానం ప్రకారం రాత్రి 8 గంటలంటే స్విట్జర్లాండ్‌లో సాయంత్రం 4.30. అప్పటికి బృందం ఇంకా కొండ దిగుతోంది. అంటే మాత్ర మారింది బ్రేక్‌ఫాస్ట్‌కూ 4.30కీ మధ్యలో. ఆ మధ్యలో సంచి ఆయన భుజం దిగింది ఒక్కసారే, ఐస్‌మేర్‌లో, ఐదు నిమిషాలు.

ఈ ఆధారాన్ని పాఠకుడి ముందు పెట్టడానికి మూడు చోట్లు కావాలి. మొదటి అధ్యాయంలో, విమానం దిగగానే టూర్ మేనేజర్ అందరినీ గడియారాలు మార్చుకోమన్నప్పుడు పెదనాన్నగారు నవ్వి ఊరుకోవాలి. తరువాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం, కోచ్‌లో ఎండ మొహాన కొడుతుండగా, ‘రాత్రి మాత్ర వేసుకునే వేళయింది, నీళ్ళ సీసా ఇలా ఇవ్వు’ అని ఆయన అనాలి, పక్క సీటు కుర్రాడు ఎగతాళి చేయాలి. మూడోది సాక్ష్యం. ఈ మూడింటి మధ్య కనీసం ముప్పై పేజీల దూరం ఉంచండి. ఎగతాళి దగ్గర పాఠకుడు నవ్వుకుంటే ఆధారం దాగినట్టే.

రెండో ఆధారం: ఒక సర్వనామం

ఐదు నిమిషాలలో బండిలో ఎవరు మిగిలారు? అబ్బాయి తాను అత్తయ్యతో, పెదనాన్నతో కలిసి కిటికీ దగ్గరే ఉన్నానని చెప్పాడు. మీ కథలో ప్లాట్‌ఫారం కెమెరా ఉంటే ఉండనివ్వండి. అద్దె జాకెట్లు, మంకీ క్యాపులు వేసుకున్న గుంపులో వీపులు తప్ప ఏమీ కనబడవు. అత్తయ్యను పోలీసులు అడిగినప్పుడు ఆవిడ తెలుగులో ‘రైలు ఆగినప్పుడు మేము కిటికీ దగ్గరే ఉన్నామండీ’ అంటుంది. దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పగా వాంగ్మూలంలో ‘వుయ్’ అని పడుతుంది. అబ్బాయి మాటకు సాక్ష్యం దొరికినట్టే ఉంటుంది.

ఇంగ్లీషులో, జర్మన్‌లో లేనిది తెలుగులో ఉంది. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. పోలీసుతో మాట్లాడేటప్పుడు ‘మేము’ తప్ప వేరే మాట రాదు కాబట్టి అక్కడ ఏమీ తేలదు. తేలవలసిన చోటు వేరే ఉంది. మర్నాటి భోజనాల దగ్గర ఇలాంటి సన్నివేశం రాయండి:

“అత్తయ్యా, పెరుగన్నమైనా రెండు ముద్దలు తిను” అన్నాడు అబ్బాయి.

ఆవిడ ప్లేటు పక్కకు జరిపింది. “మొన్న ఎంత హుషారుగా ఉన్నాడురా మీ పెదనాన్న! సొరంగంలో రైలు ఆగినప్పుడు మేము కిటికీ దగ్గర నుంచుని చూస్తుంటే, ఆ మంచులో అంత నీలం ఎక్కడిదే చెల్లీ అని చంటిపిల్లాడిలా అడిగాడు.”

అబ్బాయి తల వంచుకుని పెరుగు కలుపుతూ ఉండిపోయాడు. పక్క బల్ల దగ్గర సాంబారులో చింతపండే లేదని ఎవరో వెయిటరుకు వివరిస్తున్నారు. టీచరమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

అబ్బాయి కూడా అక్కడే ఉండి ఉంటే ఆవిడ ‘మనం చూస్తుంటే’ అనేది. అతనితోనే మాట్లాడుతూ ‘మేము’ అన్నదంటే అతను అక్కడ లేడు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, దేన్నీ బయటపెడుతున్నానని అనుకోలేదు, నోటికి వచ్చిన మాట అన్నది. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు ఈ తేడా చెప్పిన టీచరమ్మ చెవిన మాత్రం అది పడింది.

ఈ ఆధారం నిలబడాలంటే ముందుచూపు కావాలి. కొందరు మాటల్లో ‘మనం’ను వదులుగా వాడతారు, ‘మనకెందుకండీ ఆ గొడవ’ అని తన గురించే అంటారు. కాబట్టి అత్తయ్య మాటతీరును అంతకుముందే స్థిరపరచాలి. ‘మనం నిన్న తిన్న రొట్టె’ అని అబ్బాయితో, ‘మేము కాశీ వెళ్ళినప్పుడు నువ్వింకా పుట్టలేదు’ అని అదే అబ్బాయితో, కనీసం రెండుసార్లు ఆవిడ చేత సరిగ్గా అనిపించాలి. అప్పుడు మూడోసారి అన్న ‘మేము’ పొరపాటని ఎవరూ అనలేరు. సన్నివేశంలో ఆ వాక్యం మీద ఎవరూ ఆగకూడదు. టీచరమ్మ ఉలిక్కిపడకూడదు, కనుబొమ్మ ఎత్తకూడదు. చింతపండు గొడవ అందుకే ఉంది. ఇక మీరు-నువ్వు తడబాటును ఆధారంగా వాడే పద్ధతి చాలా అరిగిపోయింది, దాన్ని నేను సిఫారసు చేయను.

విప్పే సన్నివేశం

కోచ్‌లో అంత్యాక్షరికి వాడే మైకు పట్టుకుని హంతకుడి పేరు చెప్పించాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. అది ఆకర్షణీయంగా ఉన్నా దుఃఖంలో ఉన్న కుటుంబానికి న్యాయం చేయదు. హోటలు బ్రేక్‌ఫాస్ట్ గదిలో, బల్లలు సర్దేశాక, ముగ్గురు బంధువులు, టూర్ మేనేజర్, పోలీసు అధికారి, దుబాసీ ఉన్న చోట జరిపించండి. టీచరమ్మ ముందు దుబాసీనే అడగాలి: మా భాషలో ‘వుయ్’కు రెండు మాటలున్నాయి, మీరు ఏది విని ఏది రాశారు? అధికారికి వ్యాకరణం వివరించవలసి రావడం వల్ల పాఠకుడికి వేరే ఉపన్యాసం అక్కర్లేకుండా పోతుంది. ఆ తరువాత అత్తయ్యను అడగాలి. ఆవిడ జవాబు చెప్పబోతూ, తన జవాబు ఎవరి మెడకు చుట్టుకుంటుందో అర్థమై ఆగిపోయే క్షణం ఈ నవలలో అన్నిటికన్నా ముఖ్యమైనది. దానికి ఒక పూర్తి పేజీ ఇవ్వండి. సర్వనామం ఒక్కటే కోర్టులో నిలబడదు కాబట్టి శవపరీక్ష ఫలితం, గడియారం లెక్క ఆ సరికే అధికారి చేతిలో ఉండేలా చూసుకోండి. నేరం ఒప్పుకోవడం నాలుగు వాక్యాలు దాటనక్కర్లేదు.

తరువాత తలకొరివి ఎవరు పెట్టారన్నది తప్పక రాయాలి. పాఠకుడు అది అడుగుతాడు. నా ఉదాహరణలో తోడల్లుడు పెడతాడు. కథ అంతా అందరూ ఎవరిని వేలెత్తి చూపారో ఆ మనిషి, తణుకు కాలవ గట్టున, తడి బట్టలతో.

రాత పూర్తయ్యాక దాన్ని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు మిస్టరీలు బాగా చదివేవారు, మరొకరు అసలు చదవనివారు కావాలి. ఎక్కడ అనుమానం కలిగిందో అక్కడ పేజీ పక్కన పెన్సిలుతో అబ్బాయి, తోడల్లుడు, చెల్లెలు అని పేరు రాయమనండి. బాగా చదివేవారు పెరుగన్నం పేజీ దగ్గరే అబ్బాయి పేరు రాస్తే చింతపండు గొడవను మరో మూడు వాక్యాలు పెంచండి. చదవనివారు చివరికి వచ్చాక కూడా వెనక్కి తిప్పి ఆ ‘మేము’ను వెతికి పట్టుకోలేకపోతే, ఆ గొడవలో ఒక వాక్యం తీసేయండి.